ధారణ వేరు, నిల్వ వేరు

పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కూతురు గాజువాక నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఇంజనీరింగ్ చదువుతోంది. "మావయ్యా, దీన్ని ఆన్ చేసి స్నానం చేసి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పరీక్షల ముందు ఏడుపొచ్చింది" అంది. ఆన్ చేసి చూశాం. డెస్క్‌టాప్ మీద బొమ్మలు ఒక్కొక్కటిగా తేలడానికే నాలుగు నిమిషాలు పట్టింది. బ్రౌజర్‌లో మూడు ట్యాబులు తెరిస్తే మౌస్ బాణం ఉన్నచోటే నిలబడిపోయింది. లోపల హార్డ్ డిస్కు గరగరలాడుతూనే ఉంది.

2021లో ఆన్‌లైన్ క్లాసుల కోసం మా బావగారు కొన్నారు దాన్ని. ఆయనకు ఫోన్ చేసి అడిగితే, "వెయ్యి జీబీ మెమరీ అన్నాడురా షాపులో. అక్కడున్న వాటిల్లో ఇదే పెద్దది. గుంటకి మంచిది కొనాలని ఇంకో ఆరు వేలు ఎక్కువే పెట్టాను" అన్నారు. ఆ మాట విని నాకు చాలా బాధేసింది. ఆయన అడిగింది ఒక్కటే: మెమరీ ఎక్కువున్నది ఇవ్వండి. షాపతను చెప్పిందీ అబద్ధం కాదు. హార్డ్ డిస్కు నిజంగానే వెయ్యి జీబీ. అందులో 120 జీబీ కూడా నిండలేదు. నడుస్తున్న పనులను పట్టుకుని ఉండే ర్యామ్ మాత్రం 4 జీబీ. ఆ పిల్ల నాలుగేళ్లు ఇబ్బంది పడింది ఆ నాలుగు దగ్గర, బావగారు ఎక్కువ డబ్బు పెట్టింది ఆ వెయ్యి దగ్గర.

అందుకే ఈ వ్యాసం. కంప్యూటరో ఫోనో కొనేటప్పుడు 'మెమరీ' అనే మాటను పూర్తిగా మానేయాలని నా వాదన. ఆ ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు వస్తువులున్నాయి. వాటి ధర వేరు, పని వేరు, ఆయుష్షు వేరు. కొనేవాడికి తేడా తెలియనంత కాలం, అమ్మేవాడు ఏ అంకె పెద్దగా ఉంటే దాన్నే చూపిస్తాడు.

ఈ గందరగోళం మన నెత్తికి ఎలా ఎక్కిందో నాకు బాగా గుర్తుంది. ముందు స్కూలు పుస్తకం. ప్రైమరీ మెమరీ అంటే ర్యామ్, సెకండరీ మెమరీ అంటే హార్డ్ డిస్కు అని బట్టీ పట్టించారు. రెండూ మెమరీలే అయ్యాయి, ఒకటి పెద్దక్క, ఒకటి చిన్నక్క అన్నట్టు. తర్వాత కీప్యాడ్ ఫోన్లొచ్చాయి, వాటితో పాటు 'మెమరీ కార్డు' వచ్చింది. గోరంత కార్డు, దాన్నిండా పాటలు. అప్పటినుంచి మన ఇళ్లలో మెమరీ అంటే పాటలు, ఫొటోలు దాచుకునే చోటు అని స్థిరపడిపోయింది. ఈ రోజుకీ ఫొటోలతో ఫోన్ నిండిపోతే "మెమరీ ఫుల్ అయిపోయింది" అనే అంటాం. అదే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి, అక్కడ మెమరీ అని రాసి ఉన్నది ర్యామ్ గురించి. ఫోన్ దగ్గర ఒక అర్థం, కంప్యూటర్ దగ్గర దానికి సరిగ్గా ఎదురు అర్థం. ఇంత అయోమయంలో ఉన్న మాటతో వేల రూపాయల బేరం ఎలా చేస్తాం?

తెలుగులో ఈ రెండింటికీ చక్కని మాటలున్నాయి: ధారణ, నిల్వ.

అష్టావధానం చూసినవాళ్లకు ధారణ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు ఈ అక్షరం వాడొద్దని అడుగడుగునా అడ్డం పడతారు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పద్యానికి ఒక్కో పాదం పూర్తవుతుంది. అంటే సగం కట్టిన పద్యాలు అన్నీ అవధాని బుర్రలో ఒకేసారి నిలబడి ఉండాలి. కాగితం లేదు, కలం లేదు. ఎవరి వైపు తిరిగితే వారి పాదం వెంటనే నాలుక మీదకు రావాలి. అది ధారణ. ర్యామ్ చేసే పని సరిగ్గా అదే. మీరు తెరిచిన బ్రౌజరు, టైపు చేస్తున్న ఉత్తరం, వెనక నడుస్తున్న యాంటీ వైరస్, అన్నీ సగం కట్టిన పద్యాలు.

మరి అదే అవధాని ఇరవై ఏళ్లుగా చదివిన కావ్యాలు, ఇంట్లో బీరువాలో ఉన్న పుస్తకాలు? అది నిల్వ. హార్డ్ డిస్కు, దాని బదులు వేసే, తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ, మెమరీ కార్డు, పెన్‌డ్రైవ్ అన్నీ ఆ కోవలోవే. బీరువా ఎంత పెద్దదైతే మాత్రం వేదిక మీద ఎనిమిది మందికి జవాబు చెప్పే శక్తి వస్తుందా? మా బావగారు కొన్నది పెద్ద బీరువా.

ఇక ధారణ చాలకపోతే ఏమవుతుందో ఊహించండి. అవధాని ప్రతి పాదాన్నీ చీటీ మీద రాసి పక్క గదిలో పెట్టె‌లో పెట్టి రావాలి. ఆ పృచ్ఛకుడి వంతు వచ్చినప్పుడు పరిగెత్తి ఆ చీటీ తెచ్చుకోవాలి, దాని చోట ఇంకో చీటీ పెట్టి రావాలి. సభ ఆగిపోదు గానీ నడవదు కూడా. కంప్యూటర్ కూడా ర్యామ్ నిండితే ఇదే చేస్తుంది. హార్డ్ డిస్కులో కొంత చోటు తీసుకుని, ప్రస్తుతం వాడనివి అక్కడ పడేసి, కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. దాన్నే వర్చువల్ మెమరీ అంటారు, ఆ ఫైలును పేజ్ ఫైల్ అంటారు. మా మేనకోడలి ల్యాప్‌టాప్‌లో వినిపించిన గరగర ఆ చీటీల కోసం పరుగే.

ఆ పరుగు ఎంత దూరమో లెక్క కట్టి చూపిస్తేనే ఆ పిల్లకు అర్థమైంది. ర్యామ్‌లో ఉన్నది చేతికి రావడానికి సుమారు 100 నానోసెకన్లు. ఎస్ఎస్‌డీ నుంచైతే సుమారు 100 మైక్రోసెకన్లు. తిరిగే హార్డ్ డిస్కు నుంచైతే, లోపలి ముల్లు సరైన చోటికి జరిగి, పళ్లెం తిరిగి వచ్చేసరికి సుమారు 10 మిల్లీసెకన్లు. ఇవన్నీ కంటికి ఆనని అంకెలే. ర్యామ్ పట్టే సమయాన్ని ఒక్క సెకను అనుకుందాం. అప్పుడు ఎస్ఎస్‌డీకి పావుగంట దాటుతుంది, 16 నిమిషాల 40 సెకన్లు. హార్డ్ డిస్కుకు 27 గంటలు దాటుతుంది. అంటే పక్కనున్న గ్లాసు అందుకోవడం ఒకటి, వీధి చివరికి నడిచి వెళ్లి రావడం ఒకటి, విశాఖలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లి మళ్లీ రైల్లో తిరిగి రావడం ఒకటి. 4 జీబీ ర్యామ్‌తో ఆ యంత్రం మౌస్ కదిపిన ప్రతిసారీ హైదరాబాద్ వెళ్లి వస్తోంది.

ధారణకు ఇంకో లక్షణం ఉంది. దాన్ని నేను హుద్‌హుద్ తుఫాను అప్పుడు నేర్చుకున్నాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. దానికి ముందు రాత్రి మా నాన్నగారి పింఛను గురించి నాలుగు పేజీల అర్జీ టైపు చేస్తున్నాను. గాలి మొదలైంది, ఇంకో పేరా రాసి సేవ్ చేద్దాం అనుకున్నాను, కరెంటు పోయింది. మా వీధికి కరెంటు తిరిగి రావడానికి వారం పైనే పట్టింది. వచ్చాక కంప్యూటర్ తెరిస్తే అర్జీ లేదు. పాత ఫొటోలు, లెక్కలు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మానిటర్ మూలన తేదీ మాత్రం 2009 జనవరి 1 అని చూపిస్తోంది. ఆ ఒక్క తెర మీద మూడు రకాల మెమరీలు కనిపించాయి నాకు. కరెంటుతో పాటే పోయిన ర్యామ్ ఒకటి. కరెంటు లేకపోయినా నిలిచిన హార్డ్ డిస్కు ఒకటి. మూడోది మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీతో బతికే చిన్న మెమరీ, తేదీ, సెట్టింగులు దాచుకునేది. ఆ బ్యాటరీ ఎప్పుడో అయిపోయిందని కరెంటు అన్ని రోజులు పోతే గానీ తెలియలేదు. ధారణలో ఉన్నదాన్ని నిల్వలోకి రాయడాన్నే సేవ్ చేయడం అంటాం. నాన్నగారి అర్జీ మళ్లీ మొదటి నుంచి రాశాను.

ర్యామ్‌లో ఉన్నది కరెంటు పోతే ఎందుకు పోతుంది? అందులో ఒక్కో బిట్‌కు ఒక్కో అతిచిన్న కెపాసిటర్, దానికి కాపలాగా ఒక ట్రాన్సిస్టర్. కెపాసిటర్‌లో విద్యుత్తు ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ చేసిన ఆలోచన ఇది, 1968లో పేటెంటు వచ్చింది. 1970లో ఇంటెల్ అమ్మిన 1103 చిప్పులో 1,024 బిట్లుండేవి. ఇప్పుడు 8 జీబీ ర్యామ్‌లో దాదాపు 6,870 కోట్లు. ఆ కెపాసిటర్ చిల్లు కుండ లాంటిది. నింపింది కారిపోతూ ఉంటుంది. అందుకని మామూలు వేడిలో ప్రతి 64 మిల్లీసెకన్ల లోపు వరసలన్నింటినీ ఒకసారి చదివి మళ్లీ నింపాలి. మనం కన్ను ఆర్పేలోపు ఒకసారైనా ఆ పని అయిపోతుంది. అవధాని తన పాదాలను లోలోపల వల్లె వేసుకుంటున్నట్టే. ఈ రకం ర్యామ్ పూర్తి పేరు డీర్యామ్. ముందున్న 'డీ' అంటే డైనమిక్, ఆ వల్లె వేయడం గురించిన మాటే. వల్లె వేయక్కర్లేని రకం ఎస్‌ర్యామ్. ఒక్కో బిట్‌కు ఆరు ట్రాన్సిస్టర్లు కావాలి, ఖరీదు, చోటు ఎక్కువ. అందుకే ప్రాసెసర్ లోపలే క్యాష్ అన్న పేరుతో కొద్దిగా ఉంటుంది. దాన్ని విడిగా కొనలేం కాబట్టి ఇక్కడ వదిలేస్తాను.

ఎస్ఎస్‌డీలో, మెమరీ కార్డులో ఉండేది ఫ్లాష్. 1980లలో తోషిబాలో ఫుజియో మసువోకా కనిపెట్టారు. అందులో ఎలక్ట్రాన్లను ఇన్సులేషన్ గోడల మధ్య బంధించేస్తారు, కాబట్టి కరెంటు పోయినా ఉంటాయి. కానీ చెరిపి రాసిన ప్రతిసారీ ఆ గోడ కొంచెం అరుగుతుంది. ర్యామ్‌కు ఆ అరుగుదల లేదు. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి, ఫోన్ల దగ్గర పనికొస్తుంది.

సరే, ల్యాప్‌టాప్ సంగతి. వెనక మూత విప్పితే అదృష్టం కనిపించింది. 4 జీబీ బోర్డుకే అతికించి ఉంది, పక్కన ఇంకో ర్యామ్ పెట్టుకునే స్లాట్ ఒకటి ఖాళీ. చాలా పలచటి ల్యాప్‌టాప్‌లలో ఆ స్లాట్ కూడా ఉండదు, మొత్తం ర్యామ్ బోర్డుకు సోల్డరింగ్ చేసి వస్తుంది. అలాంటిది కొనేవాళ్లు ఆ రోజు తీసుకున్న ర్యామ్‌తోనే చివరిదాకా బతకాలి. కాబట్టి షాపులో ర్యామ్ ఎంత అని అడిగాక రెండో ప్రశ్న: ఖాళీ స్లాట్ ఉందా? ఇది అడగకుండా దయచేసి డబ్బు కట్టకండి.

ద్వారకానగర్‌లో ఒక కంప్యూటర్ షాపుకు ఇద్దరం వెళ్లాం. "8 జీబీ మెమరీ కావాలా సార్, ఇదిగోండి" అని కుర్రాడు వెంటనే ఒకటి తీసి పెట్టాడు. అది డీడీఆర్3. మాకు కావలసింది డీడీఆర్4. ఈ పేర్లు తరాల పేర్లు. డీడీఆర్ 2000లో, డీడీఆర్2 2003లో, డీడీఆర్3 2007లో, డీడీఆర్4 ప్రమాణం 2012లో, డీడీఆర్5 2020లో వచ్చాయి. ఒకదాని చోట ఇంకొకటి పనిచేయదు. డీడీఆర్3కు 1.5 వోల్టులు, డీడీఆర్4కు 1.2, డీడీఆర్5కు 1.1. పొరపాటున కూడా పెట్టకుండా కింద గాడి వేర్వేరు చోట్ల కోస్తారు. ల్యాప్‌టాప్ ర్యామ్‌కు డీడీఆర్3లో 204 కాళ్లు (పిన్నులు), డీడీఆర్4లో 260. డెస్క్‌టాప్‌ది ఇంకా పొడవు. గాడి కలవట్లేదని బలంగా నొక్కితే స్లాటే విరుగుతుంది.

అతను రెండోసారి తెచ్చిన దాని స్టిక్కర్ మీద ఇలా ఉంది: 8 జీబీ, 1ఆర్ఎక్స్8, పీసీ4, 3200ఏఏ, ఎస్. మా మేనకోడలు దాన్ని కాలేజీ పాఠంలా చదవడం మొదలుపెట్టింది. పీసీ4 అంటే డీడీఆర్4. చివరి ఎస్ అంటే ల్యాప్‌టాప్ సైజు. ఎక్స్8 అంటే ఒక్కో చిప్పు ఒకేసారి 8 బిట్లు ఇస్తుంది. ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారి వెడల్పు 64 బిట్లు కాబట్టి ఎనిమిది చిప్పులు. 3200 అంటే మెగాహెర్ట్జ్ అని షాపుల్లో అంటారు. అసలు గడియారం 1,600 మెగాహెర్ట్జే, ఒక్కో టిక్కుకు రెండుసార్లు డేటా పంపుతుంది. డీడీఆర్ అన్న పేరుకు అర్థమే అది, డబుల్ డేటా రేట్. సెకనుకు 320 కోట్ల సార్లు, ఒక్కోసారి 8 బైట్లు, అంటే 25.6 జీబీ. కొన్ని స్టిక్కర్ల మీద పీసీ4-25600 అని ఉంటే కంగారు పడొద్దు, రెండూ ఒకటే.

పెద్ద అంకె చూసి మురిసిపోకూడదని కూడా చెప్పాలి. సీఎల్ అని ఇంకో అంకె ఉంటుంది, చిప్పులో వరస తెరిచి అడిగాక ఎన్ని టిక్కులకు మొదటి జవాబు వస్తుందో చెప్పేది. పైన చెప్పిన 100 నానోసెకన్లలో ఇదొక భాగమే. డీడీఆర్3 1600కు సీఎల్ 11, డీడీఆర్4 3200కు సీఎల్ 22 మామూలుగా కనిపించేవి. లెక్క కడితే రెండింటికీ 13.75 నానోసెకన్లే! మొదటి జవాబు ఒక్క క్షణం కూడా ముందుకు రాలేదు. పెరిగింది ఆ తర్వాత పారే ధార. అందుకే పాతదాన్ని తీసేసి వేగం ఎక్కువున్నది వేయమని ఎవరైనా తొందరపెడితే వినకండి. జీబీలు చాలకపోవడం రోగం అయితే మెగాహెర్ట్జులు మందు కావు.

ఇంటికి తెచ్చి మూత విప్పి, బ్యాటరీ కనెక్టరు తీసి, చేత్తో ఇనప బల్లను ఒకసారి ముట్టుకున్నాం, ఒంట్లో స్టాటిక్ ఉంటే పోవడానికి. స్టిక్కును పక్క అంచులు పట్టుకుని, కొంచెం ఏటవాలుగా స్లాట్‌లోకి జొనిపి, మెల్లగా కిందికి వంచితే రెండు పక్కలా ఉన్న క్లిప్పులు టక్కుమని పట్టుకున్నాయి. ఆ చప్పుడు వినిపించాలి, లేకపోతే సరిగా కూర్చోలేదని. మన విశాఖ వాళ్లకు ఒక మాట: సముద్రపు గాలికి ఈ బంగారు రంగు కాళ్ల మీద సన్నటి పొర పడుతుంది. పెదవాల్తేరులో మా స్నేహితుడి కంప్యూటర్ ఓసారి ఆన్ చేస్తే బీప్ బీప్ అని మొత్తుకుని ఆగిపోయింది. రిపేరు షాపులో బోర్డు పోయిందన్నారు. ర్యామ్ తీసి, మెత్తటి పెన్సిల్ రబ్బరుతో ఆ కాళ్లను నెమ్మదిగా రుద్ది, పొడి దులిపి పెడితే లేచి కూర్చుంది. రెండేళ్లుగా పనిచేస్తూనే ఉంది. బోర్డు మార్చే ముందు ఆ అయిదు రూపాయల రబ్బరు వాడి చూడండి.

హార్డ్ డిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ కూడా వేశాం. ఇక్కడా మాటల చిక్కుంది. ఎం.2 అనేది ఆకారం పేరు, వేగం పేరు కాదు. ఎం.2 ఆకారంలోనే డేటా పంపే పాత పద్ధతి సాటా ఉంటుంది, కొత్త పద్ధతి ఎన్‌వీఎంఈ ఉంటుంది. సాటా సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, పాత తరం ఎన్‌వీఎంఈ కూడా 3,500 ఎంబీ దాకా వెళ్తుంది. బోర్డు ఏది తీసుకుంటుందో చూసుకునే కొనాలి. 512 జీబీది వేస్తే విండోస్ 476 అని చూపించింది. మా మేనకోడలు "షాపులో మోసం చేశారా మావయ్యా" అంది. ఇందులో షాపు తప్పేం లేదు. తయారుచేసేవాళ్లు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అని లెక్కిస్తారు, విండోస్ 1,024ను మూడుసార్లు హెచ్చించి వచ్చే 107 కోట్ల చిల్లర బైట్లు అని లెక్కిస్తుంది. బైట్లు అవే, కొలపాత్ర వేరు.

ఇదంతా మామూలు మనుషులు నేర్చుకోవాలా, చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాడిది కాదా అని మా అక్క అడిగింది. న్యాయమైన ప్రశ్నే. బాధ్యత అమ్మేవాడిదే, బిల్లు మీద ర్యామ్ తరం, వేగం, స్లాటు సంగతి రాసివ్వాలి. కానీ పూర్ణా మార్కెట్లో కందిపప్పు కొనేటప్పుడు మనం "పప్పు ఇవ్వండి" అని ఊరుకుంటామా? ఏ పప్పు, ఏ రకం, పాతదా కొత్తదా అని అడుగుతాం. చింతపండు పిక్క తీసిందా కాదా అని గిల్లి చూస్తాం. మా అక్క చేపల దగ్గర మొప్పలెత్తి చూడకుండా ఒక్క కిలో కొనదు. యాభై వేల వస్తువు దగ్గరకొచ్చేసరికి ఆ తెలివినంతా గుమ్మం బయట వదిలేసి, ఇంగ్లీషు మాటకు భయపడి తలూపుతున్నాం. అదే నాకు నచ్చనిది. ర్యామ్, స్టోరేజ్, డీడీఆర్ తరం, స్లాటు, ఎస్ఎస్‌డీ, ఈ అయిదు మాటలు చింతపండు రకాల కన్నా కష్టం కాదు.

ఇప్పుడు ఫోన్ల వాళ్లు కొత్తగా '8 ప్లస్ 8 జీబీ ర్యామ్' అని పెట్టెల మీద వేస్తున్నారు. ఆ రెండో ఎనిమిది ర్యామ్ కాదు. ఫోన్ నిల్వలోంచి ఎనిమిది జీబీ కోసి, ధారణ చాలనప్పుడు చీటీలు దాచుకునే పెట్టె‌గా పెట్టారు. ఫ్లాష్ రాసేకొద్దీ అరుగుతుందని పైన చెప్పానే, ఆ అరుగుదల ఇక్కడ మీ ఫొటోలుండే చోటుకే. దాన్ని పదహారు జీబీ ర్యామ్ అని చెప్పి అమ్మడం తప్పు.

ల్యాప్‌టాప్ ఇప్పుడు పన్నెండు సెకన్లలో తెరుచుకుంటోంది. మా మేనకోడలు తీసేసిన ఆ వెయ్యి జీబీ డిస్కుకు ఒక పెట్టె కొని, ఇంట్లో ఫొటోలన్నీ అందులో దాచింది. బీరువా పని బీరువాకే ఇచ్చింది.

మొన్న దసరాకు బావగారు అక్క కోసం ఫోన్ కొనడానికి వెళ్లి, జగదాంబ దగ్గర షాపులోంచి నాకు ఫోన్ చేశారు. నేనేమీ చెప్పకముందే అవతల ఆయన గొంతు వినిపించింది, షాపతనితో మాట్లాడుతున్నారు: "పదహారు సంగతి తర్వాత బాబూ. ప్లస్‌కి ముందున్నదెంత, అది చెప్పు."